తండ్రి విన్న రోజు

జూన్ 2

నాన్నకి,

మీ కాలి వాపు తగ్గిందా? తగ్గకపోయినా తగ్గిందనే రాస్తారు. అయినా అడగటం నా పని.

ఈ నెల మఠంలో నన్ను మళ్ళీ అప్పాల గదిలో వేశారు. పూజలో నాలుక మీద పెట్టే పల్చటి తెల్ల అప్పాలు ఇక్కడే చేస్తాం. పిండీ నీళ్ళూ, అంతే. ఉప్పు వెయ్యం, పులవనివ్వం. రెండు ఇనప పలకల మధ్య పోసి కాల్చి, చల్లారాక గుండ్రంగా కోస్తాం. పలక కాస్త ఎక్కువ కాలితే అంచులు ఎర్రబడతాయి, అవి కోళ్ళకి. మా కోళ్ళంత భక్తి గల కోళ్ళు లోకంలో లేవని వంట సిస్టర్ అంటుంది.

ఇంత లావు కవరు ఎందుకంటే, అచ్చు కాగితాలు కూడా పెట్టాను, చూడండి. సెప్టెంబరు పద్నాలుగున నన్ను చివరి మాటపట్టుకి పిలవాలని మదర్ అనుకుంటున్నారు. ఇన్నేళ్ళూ ఏడాదికోసారి దేవుడికి ఇస్తూ వచ్చిన మాట, ఈసారి జన్మంతటికీ. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. ఆ తరవాత నన్ను సముద్రం అవతల, దిక్కులేని ముసలివాళ్ళని చూసుకునే మఠానికి పంపుతారు. అక్కడినుంచి ఎప్పుడు వస్తానో చెప్పలేను. అసలు వస్తానో రానో కూడా తెలియదు.

మా నియమాల ప్రకారం తండ్రి ఒప్పుకోనక్కర్లేదు. నాకు మాత్రం మీరు ఒప్పుకోవాలి. అమ్మ పోయాక మీకు ఉన్నదల్లా నేనే. మీరు వద్దంటే మదర్‌తో చెప్పి ఆపేస్తాను, ఇంటికి వచ్చేస్తాను. మొహం మాడ్చుకుని కాదు, మామూలుగానే వస్తాను. అవునో కాదో ఒక్క మాట రాయండి. అది వచ్చేదాకా మదర్‌కి సరే అనను.

మీ జవాబు కోసం గేటు వైపే చూస్తూ,
గురివింద

*

జూన్ 13

గురివిందా,

ఇది మే నెలలో నువ్వు రాసిన కార్డుకి జవాబు. ఆలస్యానికి కారణం తూనికల ఆఫీసువాళ్ళు. ఇది కాటాలకి ముద్రలు వేసే నెల. ఏడాది పొడుగునా దుమ్ము కొట్టుకున్న కాటాలన్నీ ఒక్కసారి బాగుచేతకి నా కొట్టుకి వచ్చిపడతాయి. కొట్లో నేను కూర్చోటానికి కూడా చోటు లేదు, గుమ్మంలో స్టూలు వేసుకుని పని చేస్తున్నాను.

నిన్న పళ్ళవాడొకడు వచ్చి, కాటా ముల్లుని కాస్త తనవైపు మెత్తగా ఉండేట్టు చూడమన్నాడు. నేనూ మెత్తగానే చెప్పాను, కొట్టు దిగి పొమ్మని. సంచిలో రెండు రకాల రాళ్ళు, కొనటానికొకటి, అమ్మటానికొకటి పెట్టుకోకూడదని బైబిలు పాత ధర్మశాస్త్రంలోనే ఉంది కదా. కుర్రతనంలో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఎంత పొంగిపోయానో నీకు చెప్పానా? దేవుడు ఎడారిలో కొండెక్కి అంత పెద్ద పెద్ద సంగతులు చెబుతూ మధ్యలో నా కొట్టు గుర్తు చేసుకున్నాడని. అప్పటినుంచీ ఆ పాత చట్టాలు మన వీధిలోవే అనిపిస్తాయి. మన చర్చి ఫాదర్ నన్ను వెక్కిరిస్తాడు, “మీరు పొరపాటున రెండు మూడు వేల ఏళ్ళు ఆలస్యంగా పుట్టారు” అని.

ఈమధ్య నా కాలు సంగతి అడగటం మానేశావు. అలాగే ఉంది.

నీ లావుపాటి కవరు అందింది. ఇంకా విప్పలేదు. బల్ల మీద ఐదు కిలోల రాయి కింద పెట్టాను, ఎక్కడికీ ఎగిరిపోదు. దాని గురించి కంగారు పడకు.

వేళకి తిను.
నాన్న

*

జూన్ 22, కార్డు

నాన్నా,

విప్పటానికి ఏమీ లేకుండా కార్డు ముక్క మీద రాస్తున్నాను. నేను రాసింది ఎగిరిపోయే బిల్లు కాగితమా, రాయి కింద పెట్టటానికి? కవరు విప్పండి. ఇది పోస్టుమాను దగ్గర్నుంచి మీ కొట్టు పక్క మందుల షాపాయన దాకా అందరూ చదివే కార్డు, ఇంతకన్నా రాయలేను. ఆగస్టు ఆఖరుకల్లా గది ఖాళీ చెయ్యమన్నారు నన్ను. పెట్టె సర్దుకోవాలి. అందుకే తొందర.

కోపంగా ఉన్న మీ కూతురు

*

జూలై 1

నా గురివిందా,

కార్డు గుమ్మంలోనే నిలబడి చదివాను. గది ఖాళీ చెయ్యమన్నారంటే ఇంక వేరే చెప్పాలా? ఎందుకు పంపేస్తున్నారని నేను అడగను. నువ్వూ మీ మదర్ మీద కోపం పెట్టుకోకు. అందరికీ అన్నీ పడవు. దేవుణ్ణి ప్రేమించటానికి మన ఇంట్లో కూడా చోటుంది.

కాటాలన్నీ పక్కన పడేసి నీ గదికి సున్నం వేయించాను. వేయించానంటే ఒక కోటు మనిషి వేశాడు, అది నాకు నచ్చక రెండోది నేను వేశాను. అందుకే నేల మీద చుక్కలు. కిటికీ తలుపు గాలికి కొట్టుకునేది కదా, కొత్త బందు వేశాను. నీ పరుపులో దూది విప్పించి ఏకించి మళ్ళీ కుట్టించాను. మందుల షాపాయనకి చెప్పాను నువ్వొస్తున్నావని. “చదువుకున్న పిల్ల కదా, నా కౌంటర్లో కూర్చోమనండి” అన్నాడు. నువ్వు వచ్చాక ఆలోచిద్దాం.

నీకు ఎప్పుడూ రాయలేదు కానీ ఇప్పుడు రాయొచ్చు. కొట్టు మూసి ఇంటికి వచ్చాక మాట్లాడటానికి మనిషి లేడు తల్లీ. పొద్దున వండిందే వెచ్చబెట్టుకుంటాను. ఒక్కోరోజు ఆ గిన్నెతోనే మాట్లాడతాను, “ఏం, మళ్ళీ నువ్వేనా” అని. నువ్వు పుట్టినప్పుడు ఎంత చిన్నగా ఉన్నావంటే, మంత్రసాని నిన్ను నగల త్రాసులో గురివింద గింజలు పెట్టి తూచుకోమంది. ఆ పేరే ఉండిపోయింది. ఆ రోజు ఈ ఇంట్లో ఎంత సందడిగా ఉందో ఇవాళ నా ఒక్కడి గుండెలో అంత సందడిగా ఉంది.

ఇంక ఆ కవరుతో పనేముంది? నువ్వొచ్చాక నువ్వే చెబుదువుగాని.

తొందరగా రా.
నాన్న

*

జూలై 9

నాన్నా,

మీ ఉత్తరం అప్పాల గదిలో చదివాను. చదువుతూ చదువుతూ అక్కడే కూర్చుండిపోయాను. పలక మీద పిండి మాడి గదంతా పొగ. వంట సిస్టర్ పరిగెత్తుకుంటూ వచ్చింది.

నన్ను ఎవరూ పంపెయ్యలేదు. గది ఖాళీ చెయ్యటం వేరే కారణానికి. ఆ కారణం మీ రాయి కింద ఉంది.

తెల్ల సున్నం, కొత్త బందు, ఏకిన దూది. ఇవన్నీ నాకు రాశాక నేను ఏ చేత్తో జవాబు రాయాలి? నాకు తెలుసు నాన్నా, మీరు కోపంగా ఉన్నారు. కవరు చూడగానే మీకు అర్థమై ఉంటుంది. అర్థమయ్యే విప్పలేదు. నేను మఠంలో చేరతానని చెప్పిన రోజు కూడా ఇంతే, మీరు ఔననలేదు కాదనలేదు, లేచి కొట్టుకి వెళ్ళిపోయారు. అమ్మ అనేది గుర్తుందా, “మీ నాన్న అరిస్తే వాన, అరవకపోతే కరువు” అని. పదేళ్ళుగా ఆ కరువులోనే ఉన్నాను నేను. దయచేసి అరవండి. ఎంత మాటైనా అనండి. రాయి కింద పెట్టి ఊరుకోవద్దు.

మీ కూతురు

*

జూలై 18

గురివిందా,

కోపం కాదు. ముందు ఆ మాట నీ బుర్రలోంచి తీసెయ్. పదేళ్ళ కిందట కూడా కోపం కాదు. ఇన్నాళ్ళూ అలా అనుకున్నావా! ఎవరూ చెప్పకపోతే నీకెలా తెలుస్తుంది, ఆ పాత చట్టం చదివేది నేను, నువ్వు కాదు. ఇప్పుడు చెబుతాను విను.

తండ్రి ఇంట్లో ఉన్న కూతురు దేవుడికి ఒక మొక్కు మొక్కుకుంది అనుకో. తండ్రి ఆ సంగతి విన్న రోజునే “వద్దు” అంటే ఆ మొక్కు చెల్లదు. పిల్లని దేవుడు ఏమీ అనడు. విని కూడా ఆ రోజంతా ఊరుకున్నాడా, మొక్కు నిలిచిపోయినట్టే. మర్నాడు మనసు మార్చుకుని అడ్డుపడితే ఆ పాపం పిల్లది కాదు, తండ్రిది. భార్య మొక్కుకి మొగుడైనా అంతే. మొత్తం మీద మగాడికి ఇచ్చింది ఒక్క రోజు.

ఇదేం చట్టం అంటావని తెలుసు. మీ అమ్మా అంది. ఒకసారి పిన్నితో పోట్లాడి వచ్చి, ఇక జన్మలో దాని గడప తొక్కనని దేవుడి మీద ఒట్టు పెట్టింది. ఆ సాయంత్రమే నేను “చెల్లదు” అన్నాను. “చెల్లదనటానికి మీరెవరు” అని నా మీద లేచింది. తెల్లారేసరికి తల దువ్వుకుని పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. ఒట్టు తనే తీసి గట్టు మీద పెట్టాలంటే మనిషికి నామోషీ. ఇంకొకరు తీసేస్తే ప్రాణానికి హాయి.

నువ్వు మఠం మాట ఎత్తిన రోజు కూడా నాకు ఈ చట్టమే గుర్తొచ్చింది. అక్కడే ఉంటే నోరు జారతానని లేచి వెళ్ళిపోయాను. చీకటి పడేదాకా కొట్లో కూర్చున్నాను. ఊరుకోవటమే నా ఔను. అది నా దీవెన అనుకున్నాను, నీకు కరువు అయిందని ఇవాళ తెలిసింది.

ఇప్పుడు ఈ కవరు. మఠం ముద్ర చూశాను, చేతిలో బరువు చూశాను. ఈ చెయ్యి జీవితమంతా బరువులు పట్టింది, లోపల ఏముందో దానికి తెలిసిపోయింది. కానీ తెలియటం వేరు, వినటం వేరు. విప్పితే ఆ రోజు మొదలైపోతుంది. పొద్దు కుంకేలోపు వద్దనాలి, లేకపోతే జన్మంతా నోరు మూసుకోవాలి. వద్దనటానికి నాకు ధైర్యం లేదు. ఊరుకోవటానికి అంతకన్నా లేదు. అందుకే రాయి పెట్టాను. విప్పనన్నాళ్ళూ నేను వినలేదు, నువ్వు వెళ్ళలేదు. గది ఖాళీ అన్న కార్డు వచ్చినప్పుడు నా చెయ్యే తప్పు తూచిందేమోనని గంతులేశాను. సున్నం సంగతి మర్చిపో.

ఇంకోటి కూడా ఉంది. అమ్మానాన్నలకి పెట్టాల్సింది దేవుడికి ఇచ్చేశాం అని చెప్పి తప్పించుకునేవాళ్ళని మన ప్రభువే ఒకచోట చెడామడా తిట్టాడు. ఈ రాయి నీ పళ్ళెంలో వెయ్యకూడదని రెండుసార్లు ఉత్తరం చింపేశాను. మూడోసారి చేతులు ఆగలేదు.

దయచేసి ఆ సంగతి కార్డు మీద రాయకు. కంట పడ్డాక విననట్టు నటించటం నాకు రాదు.

నాన్న

*

జూలై 29

నాన్నా,

మీ ఉత్తరం మదర్ దగ్గరికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “మీ నాన్న మనందరికన్నా ముందే మాటపట్టు ఇచ్చినట్టున్నారే” అన్నారు. నేను బయటికి వచ్చి బట్టలారేసే తీగల మధ్య నిలబడి బాగా ఏడ్చాను. తడి దుప్పట్ల చాటున ఎవరికీ కనబడం.

అయినా మీతో పోట్లాడకుండా ఉండలేను. ముప్ఫై నాలుగేళ్ళ దాన్ని, మీ ఇంట్లో ఉండటం లేదు. ఆ చట్టం ఇంకా తండ్రి చేతి కింద ఉన్న చిన్నపిల్లల గురించి. రెండోది, మీ మొక్కు చెల్లదనే హక్కు అమ్మకి ఎందుకు లేదు? ఉంటే మీ మొక్కులు ఒక్కటీ మిగిలేవి కావు. మూడోది, మాకు ఇక్కడ నేర్పేది ఏమిటంటే, ఆ పాత ధర్మశాస్త్రం పిల్లని చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళిన ఆయా లాంటిది. ప్రభువు దగ్గరికి చేరాక ఇంక ఆయా చెయ్యి అక్కర్లేదు. భయంతో చేసేది పనివాళ్ళ విధేయత, ప్రేమతో చేసేది బిడ్డల విధేయత. మీరు చీకటి పడేదాకా కొట్లో కూర్చున్నది దేనితోనో మీరే చెప్పండి.

మీ రాయి మాత్రం గట్టిగా తగిలింది. తప్పించుకుపోతున్నానా అని రోజూ అడుగుతున్నాను నన్ను నేను. ఉన్న ఒక్క ముసలి తండ్రిని వదిలి ఎవరెవరి తండ్రులకో గంజి పట్టటానికి వెళ్ళటం ఏం విధేయత? మదర్‌ని అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు. చెప్పనందుకు ఆవిడంటే గౌరవం పెరిగింది.

విధేయత గురించి మాకు చెప్పే పాఠాలన్నీ చివరికి ఆ తోట దగ్గరికే వస్తాయి. సిలువ వెయ్యటానికి పట్టుకెళ్ళే ముందు రాత్రి మన ప్రభువు, ఆ కొడుకు, అక్కడ బోర్లా పడి తండ్రిని అడిగాడు, వీలైతే ఇది నాకు తప్పించు, కాదంటే నీ ఇష్టమే కానీ అని. తండ్రి ఏమీ అనలేదు. ఇన్నేళ్ళూ నేను ఆ కొడుకు గురించే ఆలోచించాను. ఈ వారం మొదటిసారి ఆ తండ్రి వైపు కూర్చుని చూశాను. ఒక్కమాట అంటే ఆగిపోయేది. వినీ ఊరుకున్నాడు. ఎలా ఊరుకున్నాడు నాన్నా?

కవరులో సంగతి ఇక్కడ ఒక్క వాక్యంలో రాసెయ్యొచ్చు, మీకు వినక తప్పదు. రాయటం లేదు. మీ రోజు మీరే మొదలుపెట్టాలి. మీరు విప్పేదాకా నేనూ ఎక్కడికీ కదలను. ఆ రోజు మీరు వద్దంటే వద్దే. తెల్ల గదికి వచ్చేస్తాను, మందుల షాపులో కూర్చుంటాను, ఆ గిన్నె మూలన పడుతుంది. నిజంగా అంటున్నాను.

పోట్లాట అయిపోయింది. కాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకోండి.

మీ గురివింద

*

ఆగస్టు 8

గురివిందా,

ఆయా సంగతి బాగుంది. ఒక్కటే అడుగుతాను. బడికి చేరాక పిల్ల లోపలికి పరిగెత్తుతుంది, పాఠాలు, స్నేహితులు, గంట మోగటం, అంతా బాగానే ఉంటుంది. ఆ ఆయా గేటు బయటే నిలబడిపోతుంది కదా. ఖాళీ చేత్తో. ఆమె ఇంటికి ఎలా వెళ్ళిందో ఎక్కడా రాయలేదు.

రాయలేదని తిట్టటం లేదు. ఆమె పని అంతే. పిల్లని లోపలికి పంపించటానికే కదా తీసుకొచ్చింది. దారి తప్పించి ఇంటికి తీసుకుపోతే ఆమె మంచి ఆయా కాదు.

తోట గురించి నువ్వు రాసింది కొట్లో చదివి, ఆ పూట ఏ కాటా ముట్టుకోలేదు. ఎప్పుడూ కొడుకు విధేయుడు అంటారు, నేనూ అలాగే విన్నాను. తండ్రికి కూడా ఒక రోజు ఉందని, ఆయన కూడా నోరు మూసుకుని పొద్దు కుంకేదాకా కూర్చున్నాడని నాకు ఎవరూ చెప్పలేదు. కొడుకుని సిలువ వేసిన ఆ రోజు మధ్యాహ్నమే చీకటి పడిందంటారే. ఎందుకు పడిందో ఇప్పుడు కొంచెం తెలిసినట్టుంది.

ఎల్లుండి విప్పుతాను. పొద్దు వాలేముందు విప్పితే అరగంటలో తేలిపోతుంది, ఆ ఆలోచనా వచ్చింది. కానీ అది దొంగ తూకం. తెల్లారగానే విప్పుతాను. నా రోజు నాకు నిండా కావాలి.

నాన్న

*

ఆగస్టు 11

నా తల్లీ,

నిన్న తెల్లారగానే విప్పాను. అచ్చు కాగితాలు, పాటలు, ఎవరెక్కడ నిలబడాలో అన్నీ చదివాను. నీ ఉత్తరం చదివాను. మొదట్లోనే నా కాలు సంగతి అడిగావు. అడగలేదని నిన్ను సాధించాను, ఏమీ అనుకోకు.

రోజంతా నోరు విప్పలేదు. విప్పితే ఏది బయటికి వస్తుందో నాకే నమ్మకం లేదు. కొట్టు తీశాను. ఒకామె ఉల్లిపాయల కాటా తెచ్చింది. చేత్తోనే సైగ చేసి, పళ్ళెం తీసి, గొలుసులో ఇరుక్కున్న మట్టి గీకి ఇచ్చాను. పాపం పన్నునొప్పి అనుకుని లవంగం నములుకోమంది. మందుల షాపాయన నా మొహం చూసి గొంతు మాత్రలు పంపించాడు, డబ్బులు తీసుకోలేదు. మధ్యాహ్నం ఆయన షాపులోకి వెళ్ళాను. అక్కడ ఫోను ఉంది కదా. మఠం నంబరు నా జేబులో ఉంది. “అమ్మాయికి చెయ్యాలా?” అని ఆయనే రిసీవరు తీసి నా చేతిలో పెట్టాడు. చెవి దగ్గర పెట్టుకున్నాను. లోపల గుయ్యిమంటోంది. నేను ఒక్క మాట అంటే నువ్వు వచ్చేస్తావు. నువ్వు అబద్ధం ఆడవు, వస్తానంటే వస్తావు. మామూలుగానే ఉంటావు, నవ్వుతూ కౌంటర్లో కూర్చుంటావు, నాకు వేడిగా వడ్డిస్తావు. అది తెలిసి రిసీవరు పెట్టేశాను తల్లీ. పెట్టేసి వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. ఎండ గుమ్మంలోంచి గోడ మీదకి, గోడ మీంచి ఎదురింటి డాబా మీదకి వెళ్ళింది. నా జీవితంలో అంత నెమ్మదిగా నడిచిన ఎండని చూడలేదు.

పొద్దు కుంకింది. నీ మాట నిలిచింది. మీ మదర్‌కి సరే అని చెప్పు.

సెప్టెంబరు పద్నాలుగున వస్తాను. బస్సు దిగి ఎటు నడవాలో రాయి. ముందు వరసలో కూర్చోబెట్టమను, వెనకనుంచి నాకు సరిగ్గా వినబడదు. కాగితాల్లో ఉన్నట్టు మాటపట్టుకి ముందు నువ్వు నేల మీద బోర్లా పడుకున్నప్పుడు నేను ఏమైనా అంటానేమోనని భయపడకు. ఆ రోజు ఏమన్నా చెల్లదు.

నిన్న వీధి దీపాలు వెలిగాక ఇంటికి వచ్చి, అన్నం తినకుండా నీ గదిలోకి వెళ్ళాను. చట్టం ప్రకారం నా గడువు దాటిపోయింది, ఇంక నేను ఏమన్నా దేవుడు లెక్కలోకి తీసుకోడు. రోజంతా బిగబట్టిన మాట అప్పుడు అన్నాను. “వద్దు తల్లీ, వెళ్ళకు, వచ్చెయ్” అని అన్నాను. సామాను లేని గది కదా, చాలా గట్టిగా వినబడింది.

నాన్న